పట్టపగలు సైకిల్‌కి ముందు లైటు: విశాఖ రోడ్లకు సరిపోయేది ఎంచుకోవడం, బిగించుకోవడం

"ఎండ మండిపోతోంది, లైటు ఆపడం మర్చిపోయావు బాబూ!" అని బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఈమధ్య తోటి సైక్లిస్టులు వేరే ప్రశ్న అడుగుతున్నారు: "పగటికి ఏ లైటు కొనాలి? ఎన్ని ల్యూమెన్లు ఉండాలి?" ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కన్నా మొత్తం ఒకచోట రాస్తే నయం అనిపించింది.

రాత్రి లైటు మనకు దారి చూపించడానికి. పగటి లైటు మనల్ని ఎదుటివాడికి చూపించడానికి. రెండూ వేర్వేరు పనులు. అందుకే రాత్రి బ్రహ్మాండంగా పనిచేసే లైటు పగలు దండగ కావచ్చు.

నిజంగా ఉపయోగం ఉందా అని అడిగేవాళ్లకు ఒక్క సంగతి చెబుతాను. 2004-05లో డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో 3,845 మంది సైక్లిస్టులతో ఒక ప్రయోగం చేశారు. పగలూ రాత్రీ లైట్లు వెలుగుతూ ఉన్న బృందంలో గాయపడిన ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. అక్కడి రోడ్లు వేరు, మన రోడ్లు వేరు. ఆ అంకెను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం కానీ, లైటు పెట్టుకోవడానికి నాకు అది చాలింది.

1. కొనే ముందు మీ దారిని కాగితం మీద పెట్టండి

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా ఆన్‌లైన్లో లైట్లు వెతుకుతారు. ముందు మీరు రోజూ తొక్కే దారిలో, మిమ్మల్ని ముందు నుంచి చూడాల్సింది ఎవరో రాసుకోండి.

- ఎదురుగా వచ్చి, మీ ముందు నుంచి కుడికి తిరిగే ఆటో, కారు
- డివైడర్ గ్యాప్‌లో యూ-టర్న్ కొట్టే బండి
- ఎడమ సందులోంచి ముందు చక్రం బయటపెట్టి, అటూ ఇటూ చూసేవాడు
- రాంగ్ సైడులో దూసుకొచ్చే బైకు
- రోడ్డు పక్కన ఆగిన కారులోంచి తలుపు తెరవబోతూ అద్దంలో చూసేవాడు
- ఆగిన బస్సు ముందు నుంచి రోడ్డు దాటేవాళ్లు

వెనక నుంచి వచ్చేవాడి సంగతి ఈ జాబితాలో లేదు. దానికి ఎర్ర లైటు విడిగా ఉండాలి. ముందు లైటు ఎంత ఖరీదైనదైనా వెనకవాడికి కనిపించదు.

ఇప్పుడు ఎండ. ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు, రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే రోడ్డు మొత్తమ్మీద ఈశాన్యం వైపు సాగుతుంది. వేసవిలో సూర్యుడు తూర్పుకీ ఈశాన్యానికీ మధ్య ఉదయిస్తాడు. కాబట్టి మే, జూన్ నెలల్లో పొద్దున్నే భీమిలి వైపు తొక్కుతుంటే ఎండ మన కళ్లలో పడుతుంది. అప్పుడు ఎదురొచ్చే డ్రైవరుకి సూర్యుడు వెనక ఉంటాడు, మనం చక్కగా కనిపిస్తాం.

గొడవంతా తిరుగు ప్రయాణంలోనే. భీమిలిలో టిఫిన్ చేసి ఏడు గంటలకి సిటీ వైపు తిరిగితే సూర్యుడు మన వీపు మీద ఉంటాడు. మనకు హాయిగా ఉంటుంది. కానీ ఎదురొచ్చే డ్రైవరు కళ్లలో ఎండ కొడుతుంటుంది, అతనికి మనం ఒక నల్లటి నీడలా కనిపిస్తాం, లేదా అసలు కనిపించం. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయం వైపు జరుగుతాడు గనుక పొద్దుటి ఎండ సముద్రం మీంచి పక్కగా పడుతుంది, ఇంత ఇబ్బంది ఉండదు.

దిక్కులు గుర్తుండకపోతే నీడ చూసుకోండి. మీ నీడ మీ ముందు పడుతోందంటే, ఎదుటివాడి కళ్లలో ఎండ పడుతోందని అర్థం. పగటి లైటు అవసరం అప్పుడే ఎక్కువ. సూర్యుడు సరిగ్గా మీ తల వెనకే ఉంటే మాత్రం ఏ లైటూ దానితో పోటీ పడలేదు. అక్కడ వేగం తగ్గించి, డివైడర్ గ్యాప్‌ల దగ్గర బ్రేకుల మీద వేళ్లు ఉంచండి.

ఎండ తరవాత చూసుకోవాల్సింది చెట్ల నీడ. యూనివర్సిటీ చుట్టుపక్కల, ఉక్కునగరం లోపల చెట్ల కింద వెలుగూ నీడా మచ్చలు మచ్చలుగా ఉంటాయి. ఎండకి అలవాటు పడిన కన్ను నీడలో ఉన్న సైకిల్‌ని వెంటనే పట్టుకోలేదు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కిందా అంతే. ఇలాంటి చోట మామూలు లైటు కూడా బాగా పనిచేస్తుంది.

సింహాచలం కొండ రోడ్డు ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక: మలుపు అవతల ఉన్నవాడికి లైటు కనిపించదు. అక్కడ బెల్లు, ఎడమ అంచు, ఈ రెండే దిక్కు.

2. ల్యూమెన్ల లెక్క పక్కన పెట్టి, వెలుగు ఎటు పోతోందో చూడండి

పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే పైపు గుర్తు తెచ్చుకోండి. పైపు వదిలేస్తే నీళ్లు కాళ్ల దగ్గరే పడతాయి. చివర బొటనవేలు నొక్కితే అవే నీళ్లు అవతలి గోడకు తగులుతాయి. లైటు ఇచ్చే మొత్తం వెలుగుని కొలిచేవి ల్యూమెన్లు, అంటే పైపులో వచ్చే మొత్తం నీళ్లలాంటివి. ఒక దిక్కుకి ఎంత జోరుగా పోతోందో చెప్పేది క్యాండెలా. పగలు దూరంలో ఉన్న డ్రైవరు కంటికి చేరేది ఈ జోరే.

లెక్క వేస్తే తేడా ఎంతో తెలుస్తుంది. 300 ల్యూమెన్లని 20 డిగ్రీల ఇరుకు కిరణంలోకి సమంగా కుదిస్తే సుమారు 3,100 క్యాండెలా వస్తుంది. అవే 300 ల్యూమెన్లని 120 డిగ్రీలకు పరిస్తే 95 దగ్గర ఆగిపోతుంది. రెండు డబ్బాల మీదా రాసేది 300 అనే. నిజం లెన్సులు వెలుగుని ఇంత సమంగా పంచవు కానీ, తేడా ఏ స్థాయిలో ఉంటుందో చూపించడానికి ఇది చాలు.

మరి ఎంత ఉండాలి? కార్లకు పగలు వెలిగే లైట్ల మీద ఐక్యరాజ్య సమితి వాహన నిబంధన ఉంది. దాని ప్రకారం ఎదురుగా కనీసం 400 క్యాండెలా ఉండాలి, 1,200 దాటకూడదు. సైకిల్‌కీ నేను 400నే కనీసంగా పెట్టుకుంటాను. బీచ్ రోడ్డు, హైవే తొక్కేవాళ్లు 800 నుంచి 1,500 మధ్య చూసుకుంటే బాగుంటుంది. పూర్ణా మార్కెట్, జగదాంబ లాంటి ఇరుకు చోట్ల అంత అక్కర్లేదు. అక్కడ మనుషులు మనకి మూడు మీటర్ల దూరంలోనే ఉంటారు.

డబ్బా మీద క్యాండెలా రాయరు కదా అంటారా? ఇంట్లోనే కొలవచ్చు.

- ఆండ్రాయిడ్ ఫోన్‌లో లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) మీటర్ యాప్ ఒకటి వేసుకోండి. సెన్సర్ సాధారణంగా ముందు కెమెరా పక్కన ఉంటుంది.
- రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేయండి.
- సైకిల్ లైటుని సరిగ్గా 2 మీటర్ల దూరంలో పెట్టి, బ్లింకింగ్ లేని మోడ్‌లో ఫోన్ మీదకు నేరుగా కొట్టండి.
- ఫోన్‌ని అటూ ఇటూ కదిపి, వచ్చిన అత్యధిక లక్స్ అంకె రాసుకోండి.
- దాన్ని 4తో (దూరం 2 మీటర్లు గనుక 2×2) హెచ్చించండి. 150 లక్స్ వస్తే 600 క్యాండెలా.

ఫోన్ సెన్సర్ ల్యాబ్ పరికరం కాదు, పదీ ఇరవై శాతం తేడా చూపించినా ఆశ్చర్యం లేదు. 95కీ 3,000కీ తేడా మాత్రం కచ్చితంగా పట్టిస్తుంది. నేను మొదట కొన్న లైటు డబ్బా మీద 1,000 ల్యూమెన్లని ఘనంగా రాసి ఉంది. మధ్యాహ్నం సైకిల్‌ని స్టాండు వేసి వంద అడుగులు వెనక్కి నడిచి చూస్తే, అది వెలుగుతోందో లేదో నాకే తెలియలేదు.

కిరణం మరీ ఇరుకైనా చిక్కే. నేరుగా ఎదురొచ్చేవాడికి తప్ప, సందులోంచి వచ్చేవాడికి కనిపించదు. నడుమ జోరుగా, చుట్టూ పలచగా వెలుగు పరుచుకునే లెన్సు కావాలి. రెండు పక్కలా చిన్న కిటికీల్లాంటి సందులుండి, వాటిలోంచి వెలుగు బయటకొచ్చే మోడల్ దొరికితే ఇంకా మంచిది.

జర్మనీ నిబంధనల ప్రకారం తయారైన లైట్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. ఎదుటివాడి కళ్లలో పడకుండా వెలుగుని పైభాగంలో కోసేస్తాయి. రాత్రికి ఇంతకన్నా మర్యాదైన లైటు లేదు. పగలు మాత్రం ఆ మర్యాదే అడ్డు, ఎందుకంటే వెలుగులో ఎక్కువ భాగం డ్రైవరు చూపు కిందనుంచి పోతుంది. అలాంటిది కొనాలనుకుంటే, పగటి కోసం వేరే ఎల్ఈడీ ఉన్నది చూసుకోండి.

3. బ్లింకింగ్ కావాలి, కానీ డిస్కో వద్దు

మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూ వీలర్లకు ఇంజన్ ఆన్ చేయగానే హెడ్‌లైటు వెలగడం తప్పనిసరి. దాంతో మద్దిలపాలెం జంక్షన్లో ఏ వేళ చూసినా తెల్లటి లైట్లు డజన్ల కొద్దీ కదులుతుంటాయి. వాటి మధ్య నిలకడగా వెలిగే మన చిన్న లైటు ఎవరి కంటికీ ఆనదు. ఆగి ఆగి వెలిగేదైతే విడిగా కనిపిస్తుంది.

వేగం ముఖ్యం. సెకనుకి ఒకటి రెండు సార్లు వెలిగితే సరిపోతుంది. టపటపా కొట్టుకునే స్ట్రోబ్ మోడ్‌తో ఎదుటివాడికి చిరాకు వస్తుంది, మనం ఎంత దూరంలో ఉన్నామో, ఎంత వేగంగా వస్తున్నామో అంచనా దొరకదు. సెకనుకి మూడుసార్లు దాటి వెలిగే మెరుపులు, మెరిసే వెలుగుకి మూర్ఛ వచ్చేవాళ్లకు ప్రమాదం కూడా.

పది సెకన్లు లెక్కపెట్టండి. 10 నుంచి 20 సార్లు వెలిగితే సరైన మోడ్. నిలకడగా పలచటి వెలుగు ఉంటూనే మధ్యమధ్యలో పెద్దగా మెరిసే మోడ్ ఉంటే అదే అన్నిటికన్నా మేలు. లైటు పూర్తిగా ఆరిపోయే క్షణం ఉండదు గనుక చూసేవాడి కన్ను దాన్ని వదిలిపెట్టదు.

పొద్దు వాలాకా, అరకు ఘాట్ రోడ్డులో శీతాకాలపు మంచులోనూ బ్లింకింగ్ ఆపి నిలకడ మోడ్‌కి మారండి.

బటన్ కూడా పరీక్షించాల్సిన విషయమే. ఆపి మళ్లీ వేసినప్పుడు పాత మోడ్‌లోనే వెలగాలి. పగటి మోడ్ కోసం ప్రతిసారీ స్ట్రోబ్, ఎస్ఓఎస్ అన్నీ దాటుకుంటూ ఐదుసార్లు నొక్కాలంటే, నెల తిరక్కుండా మీరు లైటు వేయడమే మానేస్తారు.

4. బ్యాటరీ: మీ అతి పొడవైన రైడుకి ఒకటిన్నర రెట్లు

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాదాపు 25 కిలోమీటర్లు. పోయి రావడానికి 20 కిలోమీటర్ల వేగంతో రెండున్నర గంటలు. టిఫినూ ఫొటోలూ కలుపుకుని, పగటి మోడ్‌లో నాలుగు గంటలు నిలిచే లైటు కావాలి.

కంపెనీ రాసిన గంటలు తరచు అతి మసక మోడ్‌వి అయి ఉంటాయి. మీరే లెక్క వేసుకోవచ్చు. మామూలుగా వాడే 18650 సెల్ (గొట్టంలా ఉండే లిథియం బ్యాటరీ) సామర్థ్యం 2,600 ఎంఏహెచ్, 3.7 వోల్టులు అనుకుంటే చేతిలో 9.6 వాట్-అవర్లు ఉన్నట్టు. 300 ల్యూమెన్లకు సుమారు 3 వాట్లు పోతాయి. అంటే ఏకధాటిగా మూడు గంటలు. బ్లింకింగ్‌లో వెలిగే సమయం తక్కువ గనుక ఎక్కువ గంటలు వస్తుంది. అదే ఒక్క సెల్ మీద 9,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే ఆ లైటు అక్కడే పెట్టేసి రండి.

ఛార్జింగ్ టైప్-సి అయితే ఫోన్ వైరే సరిపోతుంది. బటన్ సెల్స్‌తో నడిచే చిన్న లైట్లు పగటికి చాలవు.

5. చెమట, వాన, ఉప్పుగాలి

మన ఊళ్లో లైట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. నీటికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు డబ్బా మీద ఐపీఎక్స్ అని ఉంటుంది. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ పడే చిందులకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్6 అంటే జోరుగా కొట్టే నీటికి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఏడు ఉంది కాబట్టి ఆరు కూడా ఉన్నట్టే అనుకోకండి. ఆ రెండూ వేర్వేరు పరీక్షలు. అక్టోబరు, నవంబరు వాయుగుండాల వానలో తొక్కేవాళ్లు ఆరు చూసుకోండి, మిగతావాళ్లకు నాలుగు చాలు.

ఈ పరీక్షలన్నీ మంచినీళ్లతో చేసేవే. సముద్రపు గాలి సంగతి ఏ డబ్బా మీదా ఉండదు. ఛార్జింగ్ పోర్టు మీద బిగుతుగా కూర్చునే రబ్బరు మూత, తుప్పు పట్టని స్క్రూ, ఈ రెండూ చూసి కొనండి. రైడు అయ్యాక తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. పోర్టులో తడి ఉన్నప్పుడు ఛార్జర్ పెట్టొద్దు.

వేడి విషయానికొస్తే, పూర్తి వెలుగులో ఉన్న లైటుకి ఎదురుగాలే ఫ్యాను. సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కి, తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. అది పాడవడం కాదు. మే నెల మధ్యాహ్నం ఇంటికి రాగానే ఛార్జింగ్ పెట్టకండి. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, కాసేపు చల్లారనివ్వండి.

6. షాపులో ఐదు నిమిషాల పరీక్ష

ట్యూబ్‌లైట్ వెలుగులో ఏ లైటైనా దివ్యంగా కనిపిస్తుంది. షాపువాళ్లని అడిగి రోడ్డు మీదకు తీసుకెళ్లండి.

- ఎండలో లైటుని ఎవరికైనా ఇచ్చి నుంచోబెట్టి, వంద అడుగులు నడిచి తిరిగి చూడండి.
- కొంచెం పక్కకు జరిగి చూడండి. ఎక్కడ మాయమవుతోందో తెలుస్తుంది.
- పది సెకన్లలో ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టండి.
- ఆపి మళ్లీ వేసి, మోడ్ గుర్తుందో లేదో చూడండి.
- క్లాంపు మీ హ్యాండిల్‌కి పడుతుందా? మామూలుగా హ్యాండిల్ మందం 22.2, 25.4, 31.8 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి ఉంటుంది.

ఆన్‌లైన్లో కొంటే, వాపసు గడువు లోపే ఈ పరీక్షలన్నీ పూర్తి చేసేయండి.

7. బిగించడం: పగటికి ఒక కోణం, రాత్రికి ఒకటి

లైటు కొనడం కన్నా ఇక్కడే ఎక్కువ తప్పులు చూస్తున్నాను. రాత్రి అలవాటు కొద్దీ రోడ్డు మీదకు వంచేస్తారు. పగలు తారు రోడ్డుకి వెలుగు ఇచ్చి ఏం లాభం?

1. గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి.
2. కిరణం నడిమి భాగం ఆ గీత మీద పడేలా తిప్పండి. ఇది పగటి కోణం. కారు డ్రైవరు కళ్లు కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటాయి. కాన్వెంట్ జంక్షన్, గాజువాక వైపు తిరిగే లారీల క్యాబిన్ ఎత్తుగా ఉన్నా, 50 మీటర్ల దూరం నుంచి ఆ తేడా ఒకటి రెండు డిగ్రీలే.
3. గీతకు 20 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయండి. అది రాత్రి కోణం.
4. రెండు కోణాలకూ హ్యాండిల్ మీద, క్లాంపు మీద నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టుకోండి. ఇంట్లో అడిగే తీసుకోండి.
5. బ్రేకు కేబుళ్లు, బెల్లు, ముందు బ్యాగు ఏదీ కిరణానికి అడ్డు రాకూడదు. బుట్ట ఉన్న సైకిలైతే లైటుని బుట్ట ముందుకే బిగించండి.

రబ్బరు పట్టీ గతుకుల్లో జారి కిందకు వాలిపోతుంది. దాని కింద పాత ట్యూబు ముక్క ఒకటి చుట్టి బిగిస్తే కదలదు.

8. తరచు వచ్చే ఇబ్బందులు

*ఎదుటివాళ్లు కళ్లు చిట్లిస్తున్నారు, హైబీమ్ కొడుతున్నారు.* సాయంత్రమైనా మీరు పగటి కోణంలోనే ఉన్నారన్నమాట. కిందకు దించి, నిలకడ మోడ్‌కి మార్చండి.

*లైటు ఉన్నా ఆటో అడ్డం తిరిగింది.* ఇసుకతోట దగ్గర నాకే జరిగింది. డ్రైవరు నన్ను చూశాడు, దూరంలో ఉన్న బైకు అనుకున్నాడు. లైటు చూపు తెస్తుంది కానీ దారి ఇప్పించదు. అతను నిజంగా ఆగేదాకా మీరు తొక్కడం ఆపి, చక్రాన్ని ఊరికే దొర్లనివ్వండి. హెల్మెట్ మీద చిన్న రెండో లైటు పెట్టుకుంటే, తల తిప్పి అతని వైపు చూడగానే వెలుగు కూడా అటే పోతుంది. నాకది బాగా పనికొచ్చింది.

*నెల తిరిగేసరికి వెలుగు తగ్గింది.* ముందు లెన్సు తుడవండి. పోర్టు రోడ్డు దుమ్ము, ఉప్పు పొర కలిసి మసకేస్తాయి. అప్పటికీ తగ్గే ఉంటే, 2 మీటర్ల లక్స్ కొలత మళ్లీ తీసి పాత అంకెతో పోల్చండి.

*దారి మధ్యలో ఆరిపోతోంది.* గతుకు దాటినప్పుడే ఆరితే లోపల సెల్ వదులైనట్టు. స్థిరంగా అరగంటకే ఆరితే సెల్ అయిపోయినట్టు. సెల్ మార్చుకునే వీలున్న లైటు కొంటే ఇక్కడ డబ్బు మిగులుతుంది.

9. రోజూ గేటు దాటే ముందు

- ఛార్జింగ్ సూచిక చూశాను
- లెన్సు తుడిచాను
- చుక్క పగటి గుర్తు మీద ఉంది
- బ్లింకింగ్ నిదానంగా ఉంది
- వెనక ఎర్ర లైటు కూడా వెలుగుతోంది
- పోర్టు మూత బిగుతుగా ఉంది

ఇక టిఫిన్ బండి దగ్గర సైకిల్ వదిలినప్పుడు లైటు ఊడదీసి జేబులో వేసుకోండి. పట్టీ లైట్లు తీసుకోవడం మీకు ఎంత సులువో, పక్కవాడికీ అంతే సులువు.